కుప్పంలో రెండో దస్తగిరి

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు ఒక ఒబ్బట్టు తినేంత సేపు పట్టింది. అదెలాగో చెబుతాను, వినండి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కుప్పంలో ఒక పెళ్లి పెళ్లంతా నవ్విన తర్వాత మీ నవ్వు నన్నేం చేస్తుంది?

యుద్ధం ముగిసినా చక్కెర మాత్రం రేషనులోనే ఉన్న రోజులవి. పుంగనూరులో నాకో బ్యాండు సెట్టు ఉండేది. పేరు మునెప్ప బ్యాండు. మునెప్ప అంటే నేనే. బంగారు రంగు గుండీల కోటు తొడుక్కుని, కార్నెట్టు బూర చంకలో పెట్టుకుని బజారులో నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనేవి కావు. కార్నెట్టు ఎలా ఊదేవాణ్ణంటారా? గట్టిగా ఊదేవాణ్ణి. అంతకుమించి అడక్కండి.

మా సెట్టులో క్లారినెట్టు దస్తగిరిది. సన్నటి మనిషి, నెత్తిన ఎర్ర కుచ్చు టోపీ, మాట తక్కువ. మేము ఏ పెళ్లికి పోయినా పిలవని జనం మా వెనకాలే వచ్చేవాళ్లు. సదుం నుంచి నడిచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మా డ్రమ్ములు పోటీలు పడి మోసేవాళ్లు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు ఎత్తు ఎక్కలేక ఆగిపోతే మమ్మల్ని దిగనివ్వకుండా వాళ్లే తోసేవాళ్లు. "మునెప్పన్నా, నువ్వు ఊదితే సింహం అరిసినట్టుంటాదన్నా!" అనేవాళ్లు. ఇదంతా తన కార్నెట్టు మహిమేనని నమ్మిన ఆ మహానుభావుణ్ణి ఇప్పుడు తలుచుకుంటే రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

మా పక్క పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు ఆడపెళ్లివారి గడప ముందుకు రాగానే ముత్తయిదువలు హారతి ఇస్తారు. అప్పుడు డ్రమ్ములు, కార్నెట్టు అన్నీ ఆగిపోవాలి. ఆడపెళ్లివారు పిలిచిన సెట్టులోని క్లారినెట్టు ఒక్కటే హారతి పాట ఊదాలి. ఆ పాట అయితేగానీ పెళ్లికొడుకు గడప దాటడు. అంటే ఆ కాసేపూ నాకు పని లేదన్నమాట. పని లేనివాణ్ణి ఎక్కడుంటాను? వంటశాలలో. పెనం మీంచి అప్పుడే తీసిన బెల్లం ఒబ్బట్టు, దాని మీద నెయ్యి! ఇన్నేళ్లలో నేను హారతి పాట ఒక్కసారి కూడా వినలేదు. ఎందుకు వినాలి? నా బ్యాండే కదా!

ఇలా ఉండగా మదనపల్లెలో ఒక పెళ్లిలో పెద్దాయనెవరో పూలమాల తెచ్చి, నా ఎదురుగానే దస్తగిరి మెడలో వేశాడు. బొగ్గు బస్సు కంటే ఎక్కువ పొగ లేచింది నాలో.

"మాల తీసెయ్ దస్తగిరీ. మాస్టరు ఈడ ఉండాడు," అన్నాను.

"ఆయన ఏసినాడు మాస్టరూ. నేను అడిగినానా?"

"నువ్వు లేకపోతే నా బ్యాండు ఆగిపోతాదా?"

దస్తగిరి మాల తీసి నా కార్నెట్టుకు తగిలించాడు. "అచ్ఛా. ఆగకుండా నడిపించుకో," అని క్లారినెట్టు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. నేనేం చేశాననుకున్నారు? ఆ మాల వేసుకుని ఫొటో తీయించుకున్నాను.

తర్వాతి పెళ్లికి మగపెళ్లివారి తరఫున పోయాం కాబట్టి హారతి పాట మా వంతు కాలేదు. అక్కడే మా అభిమానుల అసలు రంగు బయటపడింది. వచ్చారు, మా వైపు ఒకసారి పారజూశారు.

"యాడప్పా దస్తగిరి?"

"పోయినాడు. నేనుండాను కదా?"

"నువ్వు యాడికి పోతావులే," అని వెనక్కి తిరిగారు.

డ్రమ్ములు మోసే భుజాలన్నిటికీ ఒక్కసారిగా నొప్పులొచ్చాయి. బస్సు మేమే తోసుకున్నాం. నిన్నటి సింహం అరుపు ఇవాళ ఎనుము అరుపైంది. నా కోటు వెలిసిపోయిందట! అంతకు ముందు వారం వాళ్లు ముట్టుకుని మురిసిపోయిన కోటే అది. ఇదీ వీళ్ల అభిమానం. చూస్తుండగానే పుంగనూరులో మమ్మల్ని పిలిచేవాళ్లు కరువయ్యారు.

అలాంటప్పుడు కుప్పం నుంచి సుబ్బారెడ్డి వచ్చాడు.

"మా పాప పెండ్లి. మీ సెట్టే రావాల. దస్తగిరి వస్తాడు కదా?"

"రాకుండా యాడికి పోతాడు?" అనేశాను.

"ఆయనొస్తేనే మేళం. మా యమ్మ పట్టుబట్టి కూర్సోనుండాది. ఆయన రాకపోతే మా పక్క ఇంగ మీకు ఒక్క పెండ్లీ ఉండదు, సూసుకో."

ఆమె పట్టు దేనికని నేను అడగలేదు. అడిగే బుద్ధే ఉంటే మీకీ కథే ఉండేది కాదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే: కుప్పం కూడా పోతే డ్రమ్ములు అమ్ముకోవాలి. దస్తగిరి ఇంటికి పోయి బతిమాలుకోవచ్చు. కానీ మాస్టరు బతిమాలడమా! జనం చూసేది ఎర్ర టోపీనే అనుకుని, మా కోట్లు కుట్టే గంగులప్పను పట్టుకున్నాను. దస్తగిరి అంత పొడుగే. దస్తగిరి పాటంటే ప్రాణం కూడా. వాయించడం మాత్రం కుట్టు మిషను తప్ప మరొకటి రాదు.

"టోపీ పెట్టుకోని, బుగ్గలు పూరించి నిలబడు సాలు. కూత నా కార్నెట్టు సూసుకుంటాది," అన్నాను. పొరపాటున కూడా చప్పుడు రాకుండా ఒక పాత క్లారినెట్టులో గుడ్డపేలిక కుక్కి చేతికిచ్చాను.

"హారతప్పుడు ఎట్ల మాస్టరూ?" అన్నాడు గంగులప్ప, బిక్కమొహం వేసుకుని.

"హారతప్పుడు జనాలు కర్పూరం సూస్తారా, నిన్ను సూస్తారా?"

చూడండి, ఎంత తెలివో!

కుప్పంలో దిగీదిగగానే "దస్తగిరన్న వచ్చినాడు!" అని గంగులప్పను చుట్టుముట్టారు. కాఫీ ఇచ్చారు, తాంబూలం ఇచ్చారు. దస్తగిరిని వాళ్లు ఎప్పుడో ఒకసారి దూరం నుంచి చూసినవాళ్లు. సుబ్బారెడ్డి తల్లికైతే చూపు మందం. మా దర్జీ టోపీ సర్దుకుని, పుట్టినప్పటి నుంచి క్లారినెట్టే ఊదుతున్నవాడిలా తల ఊపుతున్నాడు. నేను ఎనుములా, కాదు, సింహంలా ఊదుతున్నాను.

మగపెళ్లివారు మదనపల్లె నుంచి తమ బ్యాండుతో వచ్చారు. ఆ బ్యాండు ముందు వరసలో ఇంకో ఎర్ర కుచ్చు టోపీ.

నా ఊపిరి కార్నెట్టులోనే ఇరుక్కుపోయింది.

"ఆయనెవురప్పా, అచ్చం మన దస్తగిరి మాదిరే ఉండాడు?" అని సుబ్బారెడ్డి అడిగాడు.

"తమ్ముడు," అన్నాను.

"తమ్ముడు ఈయన కంటే పెద్దోడి మాదిరుండాడే?"

"ఎండలో తిరిగినాడు."

ఇంకో ప్రశ్న వచ్చేలోపల హారతి పళ్లేలు బయటికి వచ్చాయి. డ్రమ్ములు ఆగాయి. నా కాళ్లు అలవాటు ప్రకారం నన్ను వంటశాలకు తీసుకుపోయాయి. మొదటి ఒబ్బట్టు నోట్లో పెట్టుకున్నానో లేదో, బయట ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు. అంతమంది ఉన్న పెళ్లిలో బొత్తిగా చప్పుడే లేదు.

ఒబ్బట్టుతో సహా పరిగెత్తాను. గడప ముందు గంగులప్ప కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి, వేళ్లు టకటకా ఆడిస్తూ, మైమరచి తల ఊపుతూ, ఏమీ వినిపించకుండా హారతి పాట ఊదుతున్నాడు.

"ఊదప్పా, కర్పూరం అయిపోతాండాది!" అని సుబ్బారెడ్డి తల్లి అరిచింది. హారతి ఆరిపోతే అశుభమని ముత్తయిదువలు ఏడుపు మొహాలు పెట్టారు. పెళ్లికూతురు తలుపు చాటు నుంచి బిక్కచచ్చి చూస్తోంది. గంగులప్ప భయంతో క్లారినెట్టు విదిలించాడు. పేలిక ఊడి పెళ్లికొడుకు కాళ్ల దగ్గర పడింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, అంతే, జనమంతా అందుకున్నారు.

"మాస్టరువి కదప్పా, నువ్వన్నా ఊదు!" అని సుబ్బారెడ్డి నా మీద పడ్డాడు.

నాకు ఆ పాట రాదు. ఆ మాట చెబుదామన్నా నోటినిండా ఒబ్బట్టు.

అప్పుడు అసలు దస్తగిరి మదనపల్లె బ్యాండులోంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. "మాస్టరూ, ఈడ మేళం మీది. నన్ను ఊదమంటావా?"

అందరి ముందూ నన్ను అడిగాడు! మాల పీకించినవాణ్ణి! తల ఊపాను.

ఊదాడు. ఆ పాట ఎలా ఉందో చెప్పే శక్తి నాకు లేదు. ముత్తయిదువలు ఇంకో కర్పూరం బిళ్ల వేశారు. పెళ్లికూతురి మొహం తేటపడింది. నవ్వుతున్న జనం నోళ్లు మూతపడ్డాయి. నా కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారి చేతిలోని ఒబ్బట్టు మీద పడ్డాయి. సదుం నుంచి వాళ్లు ఎందుకు నడిచి వచ్చేవాళ్లో నాకు అప్పుడు తెలిసింది.

"ఎవురో ఎక్కిళ్లు పెడతాండారు, ఎవురది?" అని సుబ్బారెడ్డి తల్లి అడిగింది.

"మా మాస్టరవ్వా," అన్నాడు గంగులప్ప, టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ. "దస్తగిరి పాట ఈ పొద్దే మొదటిసారి ఇంటాండాడు."

మునెప్ప బ్యాండు కథ అక్కడితో సరి. ఇప్పుడు దస్తగిరి ఏ పెళ్లికి పోయినా పిలవకుండా వెనకాలే పోతాను. వాళ్ల పెద్ద డ్రమ్ము మోస్తాను. ఎత్తు దగ్గర బస్సు ఆగితే అందరికంటే ముందు తోసేది నేనే.

మూలన పడి చిలుము పట్టిన నా కార్నెట్టు సాక్షిగా మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. పెనం మీంచి ఎంతటి ఒబ్బట్టు ఎంత నేతితో నన్ను పిలిచినా సరే, హారతి పాట ముగియనిదే ముట్టను. ముగిసిన తర్వాత ఎన్ని తింటానన్నది మీకనవసరం.