నీలం చుక్క

మా స్పేర్ పార్ట్స్ షాపుకి ఎదురుగా, రోడ్డుకి అవతల రేకుల షెడ్డులో, మౌలా సాహెబ్ ఎప్పుడు చూసినా ఏదో ఒక కారు కింద పడుకునే ఉంటాడు. ముప్పై ఏళ్లుగా అతని మొహం కన్నా కాళ్లే ఎక్కువ చూశాను. ఇంజను జోలికి పోడు. షాకబ్జార్లు, స్ప్రింగులు, బుష్షులు, బాల్ జాయింట్లు, అంతవరకే. వాళ్ల తాత జట్కా బళ్లకి కమాను స్ప్రింగులు కట్టేవాడు. తండ్రి బెల్లం లారీలకి స్ప్రింగు పట్టీలు మార్చేవాడు. "జనం నడుములు కాయడానికే పుట్టేం బావా మా ఇంటోళ్లం" అంటాడు. నన్ను అతను బావా అంటాడు, అతన్ని నేనూ అంతే. వాళ్లావిడ ఖమర్జహాన్ ఇద్దరినీ తిడుతుంది.

మౌలాకి ఒక పద్ధతుంది. బండి నుంచి విప్పిన పాత సామాను మీద అక్కడికక్కడే పసుపు పెయింటు పూస్తాడు. దాన్ని షెడ్డు బయట బకెట్లో పడేసి, అప్పుడుగాని కొత్తది ముట్టుకోడు. పనయ్యాక పాతదంతా సంచిలో కట్టి బండివాళ్లకి ఇచ్చేస్తాడు. ఎంత నిజాయితీ అంటారు జనం. సంచి సంగతి నిజాయితీయే, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. పెయింటు మాత్రం భయం. ఆ సంగతి ఊళ్లో నాకొక్కడికే తెలుసు, తెలిసి నేను చేసిన నిర్వాకం కూడా చెబుతాను.

పదకొండేళ్ల కిందట చీడికాడ నుంచి త్రినాధరావు అని ఒక చెరుకు రైతు తన పాత తెల్ల కారు తెచ్చాడు. సరదా మనిషి, కాస్త మందు అలవాటుంది. ముందు చక్రాలకి రెండు బాల్ జాయింట్లూ మార్చాలన్నాడు మౌలా. పిడికిలంత ఇనుప ముక్క అది. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది అదే. ఊడిందంటే చక్రం మడత పడిపోతుంది, స్టీరింగు చేతిలో ఉండీ లేనట్టే. ఆ జత నా షాపులోనే కొన్నారు. నేనమ్మే ప్రతి సామాను అడుగునా నీలం పెయింటుతో చుక్క పెడతాను, మార్చమని తెచ్చినప్పుడు మాదో కాదో తెలియాలని.

ఆ రోజు శుక్రవారం. కుడి పక్క బిగించాడు. ఎడమ పక్క విప్పి, ఎంత అరిగిందో చూపించడానికి పాతదాన్ని డీజిలుతో శుభ్రంగా కడిగాడు. అది సగమే అరిగింది, చేత్తో ఊపితే పెద్దగా తెలియదు. పాతదీ కొత్తదీ ఒకే గోనె మీద పక్కపక్కన పెట్టి నమాజుకి వెళ్లాడు. వచ్చాడు, త్రినాధరావు తొందరపెడుతున్నాడు, ఒకటి బిగించాడు, రెండోది సంచిలో వేశాడు.

పంతొమ్మిదో రోజున చీడికాడ రోడ్డు మలుపులో కారు తాటిచెట్టుకి గుద్దుకుంది. త్రినాధరావు అక్కడికక్కడే పోయాడు. ఎడమ చక్రం మడత పడి ఉందట. చెట్టుకి తగిలి పడిందన్నారు. తాగి నడిపాడన్నారు. కారు తుక్కుకి పోయింది, మాట మాత్రం ఊళ్లో మిగిలింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి మౌలా మనిషి మనిషిలా లేడు. తను బిగించినదాని అడుగున నీలం చుక్క చూశాడా, లేదా? ఒకసారి చూసినట్టే ఉంటుందట, ఇంకోసారి లేదు. పట్టపగలు రోడ్డు మీద తెల్ల కారు వెళ్తే ఎడమ చక్రం వైపే చూస్తాడు, అది కనుమరుగయ్యేదాకా చూస్తాడు. ఇంట్లో గిన్నె మూత 'టక్' మంటే ఏదో ఊడిందని అన్నం ముందు నుంచి లేచిపోతాడని ఖమర్జహాన్ నా దగ్గర ఏడ్చింది. ఒకసారి పని మధ్యలో కారు కింద నుంచి గట్టిగా, "ఎవరూ?" అన్నాడు. షెడ్డులో ఎవరూ లేరు. ఎడమ చక్రం పక్కన ఎవరో నిలబడి ఉన్నారట, చెప్పుల్లేని కాళ్లట. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

మూడో ఏట రంజాన్ నెలలో నాకు ఇదంతా చెప్పాడు. "చీడికాడ ఎల్లి ఆ సంచి ఇప్పి సూత్తే తెలిసిపోద్ది బావా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "తాగి చచ్చినోడి కోసం నువ్వేటి ఏడుత్తావు, ఒదిలీ" అన్నాను. స్నేహితుడికి ధైర్యం చెప్పాననుకున్నాను. అతను వెళ్లలేదు.

పోయిన నెలలో ఒక పాత కారు షెడ్డు ముందు ఆగింది. ముందు ఎడమ పక్క గతుకులో మోగుతోంది. నడిపిన అమ్మాయి అచ్యుతాపురం మందుల కంపెనీలో పని చేస్తుందట. కొలతకని షాకబ్జారు పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను. "నా పేరు శ్రీదేవండి. చీడికాడ త్రినాధరావు గారి అమ్మాయిని. ఈవిడ మా అమ్మ, కుమారి" అంది.

మౌలా చేతిలోని పానా కింద పెట్టేశాడు.

కుమారి డిక్కీలోంచి గోనెసంచి తీసింది. "పాత సామాను కూడా ఎనక్కిచ్చీసిన మనిషి మీరొక్కరే సాయిబుగారూ. ఇంకెక్కడికీ ఎల్లొద్దన్నాను పిల్లతో. ఇది అటక మీద అలాగే ఉండిపోయింది. ఇందులో ఏటన్నా దీనికి పనికొత్తాదేమో సూడండి" అంది.

మౌలా ముడి విప్పాడు. మొదటి బాల్ జాయింటు ఊపితే గడగడలాడింది. రెండోది ఊపలేదు. "నువ్వు సూడు బావా, నాకు కళ్లు ఆనట్లేదు" అని నా చేతిలో పెట్టాడు.

తిప్పి చూశాను. అడుగున నా చుక్క ఉంది. పదకొండేళ్ల దుమ్ములోనూ నీలంగానే ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి, "పాతదే, పనికిరాదు" అన్నాను.

మౌలా నా వేలి వైపు చూశాడు. "ఏలు తియ్యి బావా" అన్నాడు.

తీశాను. చుక్క చూశాడు. తర్వాత కుమారి వైపు తిరిగాడు. "ఇది కొత్తది అమ్మా. ఈ నీలం చుక్క బావ షాపులో కొన్న కొత్త సామానుకే ఉంటాది. ఆ రోజు బండికి ఎక్కాల్సింది ఇదే. నాను పాతది బిగించి, దీన్ని సంచిలో ఏసేను. మీ ఆయన్ని సంపింది నానే."

శ్రీదేవి ఏదో అరవబోయింది. కుమారి చెయ్యెత్తి ఆపింది. ఆమె కోప్పడుతుందని, కొడుతుందని చూస్తున్నాం. ఆమె అడిగింది వేరు.

"అది ఊడిపోతే, తాగని మనిషైనా ఆపలేడా?"

"ఎవడూ ఆపలేడమ్మా."

"ఆ రోజు తాగనని పిల్ల మీద ఒట్టేసి ఎల్లేడు" అంది కుమారి. "ఊరంతా తాగీసేడంటే నానూ నమ్మీసేను. ఇన్నేళ్లూ పిల్లని ఫొటో గోడకి ఎట్టనివ్వలేదు."

అప్పుడు ఏడ్చింది. మౌలా నేల మీద కూలబడ్డాడు. ఈ బండి తను ముట్టుకోనని, ఇంకోచోట చేయించుకోమని అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. స్టూలు మీద కూర్చుని ప్రతి సామానూ తిప్పించి చుక్క చూసింది, చూశాకే బిగించనిచ్చింది. పనయ్యాక నా ముందుకొచ్చి నిలబడింది.

"మీరూ అన్నారా, తాగీసేడని?"

"అన్నానమ్మా."

"అయితే ఇద్దరూ మా ఊరు రండి. వచ్చి కాదని సెప్పండి."

ఆ ఆదివారం వెళ్లాం. కుమారి ముందు నడిచింది, ఇంటింటికీ తీసుకెళ్లింది. మౌలా ఆ ఇనుప ముక్క చేతిలో పట్టుకుని ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాడు, "ఆయన తాగలేదు. తప్పు నాది." మూడో ఇంట్లో చెప్పి బయటికొచ్చాక ఆ ముక్క నా చేతిలో పెట్టేశాడు. నాలుగో ఇంటి నుంచి నేను చెప్పాను.