కొడైకెనాల్ వెళ్ళొచ్చాక పెంచలమ్మ మళ్ళీ తూకమెక్కింది

ఆ రోజు పొద్దున మైపాడు నుంచి చేపల గంపలు వేసుకుని మామూలుగానే నెల్లూరు వచ్చాం. నేను ఆటో నడుపుతాను. నా భార్య పెంచలమ్మ ఒడ్డున పడవల దగ్గర చేపలు కొని, నెల్లూరులో రెండు మూడు వీధులు తిరిగి అమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే మా బతుకు. ఆటో ఆపి, గంప ఆమె నెత్తికెత్తబోయాను. అందుకోవడానికి చేతులు చాచిన మనిషి ఉన్నట్టుండి బొడ్డు దగ్గర గట్టిగా పట్టుకుని ఆటోలోకి కూలబడింది. ముఖమంతా చెమటలు పట్టాయి. గ్యాస్ అయి ఉంటుందని తనే చెప్పి, కాసిని నీళ్ళు తాగి, పావుగంట తర్వాత లేచి అమ్మకానికి పోయింది.

ఆ సాయంత్రం గట్టిగా అడిగితే అప్పుడు చూపించింది. బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. దగ్గితే బయటికి వస్తోంది, పడుకుంటే లోపలికి పోతోంది. ఎనిమిది నెలల నుంచి ఉందట. చీర దాని మీద బిగించి కట్టుకుని గంపలు మోస్తోంది. పక్కనే ఉంటూ నేను గమనించలేదు.

మర్నాడు నెల్లూరులో సర్జన్ గారికి చూపించాం. ఆయన ఉబ్బు మీద చెయ్యి పెట్టి దగ్గమన్నారు. అంబిలికల్ హెర్నియా అన్నారు. అల్ట్రాసౌండ్ తీయించారు, రక్తం తీయించారు. బరువు చూస్తే తొంభై నాలుగు కేజీలు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిది పైన వచ్చింది. షుగర్ ఉందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది. హెర్నియాకు ఆపరేషన్ అంటే ఒకటి రెండు రోజుల్లో అయిపోతుందనుకుని నేను తేదీ అడిగాను.

"చేయొచ్చు. కానీ ఈ బరువుతో, ఈ షుగర్‌తో చేస్తే పుండు సరిగా మానదు. లోపల వేసే వలకి, అదే మెష్‌కి, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, హెర్నియా మళ్ళీ రావచ్చు. పన్నెండు కేజీలు తగ్గి రామ్మా, చేస్తాను" అన్నారు సర్జన్ గారు. అప్పటిదాకా బరువులెత్తొద్దన్నారు. ఉబ్బు గట్టిపడి, వాంతులయితే ఆ నిమిషమే రావాలన్నారు.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక పెంచలమ్మ, "పన్నెండు కేజీలంటే ఒక పెద్ద వంజరం. అంత చేప నా ఒంట్లో ఉండాదా?" అంది. నవ్విందో బాధపడిందో నాకు అర్థం కాలేదు.

హాస్పిటల్లో డైటీషియన్ ఒక చిన్న వయసు అమ్మాయి. చార్ట్ చేతికిచ్చి పంపేయకుండా, పొద్దుట్నుంచీ ఏమేం తింటావో చెప్పమని అడిగింది. పెంచలమ్మ చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. తెల్లారి ఒడ్డున టీ, రెండు బన్నులు. అమ్మకం మధ్యలో చక్కెర టీలు నాలుగైదు. మధ్యాహ్నం రెండు దాటాక ఇంటికి వచ్చి, ఆకలి మీద కంచం నిండా అన్నం, వేయించిన చేపలు. తర్వాత నిద్ర. ఇరవై ఏళ్ళ అలవాటు. డైటీషియన్ దాన్నే కొంచెం కొంచెం సర్దింది. బయల్దేరే ముందు మజ్జిగ కలిపిన రాగి జావ, ఉడకబెట్టిన గుడ్డు. టీలో చక్కెర మానడం. మధ్యాహ్నం ముందు కూర తిని, తర్వాత కొలిచిన కప్పు అన్నం. చేపలు వేపుడు కాకుండా పులుసు. రోజూ అరగంట నడక. షుగర్‌కు డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్ మాత్రలు.

మా కూతురు వెంకటాచలంలో ఉంటుంది. అది బరువు చూసుకునే మిషన్ తెచ్చి మంచం కింద పెట్టి పోయింది. ప్రతి శుక్రవారం పొద్దున పెంచలమ్మ దాని మీద నిలబడేది. గంప మోయకూడదు కాబట్టి ఒక వీధి మొదట్లో కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గరికి తెస్తే తప్ప కొనని వాళ్ళు కొందరు పోయారు. అయినా ఓర్చుకుంది. ఆరు నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గింది. ఇంకో మూడు కేజీలు తగ్గితే ఆపరేషన్ తేదీ ఇస్తామన్నారు.

అప్పుడు వచ్చింది మా పెళ్ళి పాతికేళ్ళ పండగ.

పెంచలమ్మ తమ్ముడు శీనయ్యకు చిల్లకూరు దగ్గర నిమ్మతోట ఉంది. అక్కా బావలను ఎక్కడికైనా తీసుకుపోవాలని వాడికి ఎప్పటి నుంచో కోరిక. టెంపో మాట్లాడి, రెండు కుటుంబాలూ కలిసి ఆరు రోజులు మధురై, కొడైకెనాల్, రామేశ్వరం అన్నాడు. డైటీషియన్‌ను అడిగితే సంతోషంగా వెళ్ళి రమ్మంది. మాత్రలు మాత్రం మానొద్దంది.

ఆ ఆరు రోజుల గురించి నేను ఎప్పటికీ బాధపడను. మా ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మనిషి, మధురైలో హోటల్ బల్ల ముందు కూర్చుంటే, వేడి వేడి పరోటాలు చించి ఆకులో వేసి సాల్నా పులుసు పోశారు. ఇంకొకటి వేయమంటారా అని ఒకరు తనని అడగడం ఆమెకు ఎంత వింతగా ఉందో ముఖంలో తెలిసింది. తియ్యటి చల్లటి పాల జిగర్తండా రెండు గ్లాసులు తాగింది. కొడైకెనాల్ చలిలో మిరపకాయ బజ్జీలు, చాక్లెట్లు. చెరువు ఒడ్డున పొగమంచులో శీనయ్య భార్య ఇచ్చిన స్వెట్టర్ వేసుకుని పెంచలమ్మ చిన్నపిల్లలా నవ్వింది. తినేటప్పుడు ఒకటి రెండుసార్లు చాలని తనే చెయ్యి అడ్డం పెట్టింది. పాతికేళ్ళకోసారి కదా, తినమని బలవంతపెట్టింది నేను. తిరిగొచ్చేటప్పుడు రెండు డబ్బాల హల్వా కొన్నదీ నేనే.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. శుక్రవారం వచ్చింది. మిషన్ మంచం కింది నుంచి బయటికి రాలేదు. హల్వా అయిపోనిద్దాం అనుకున్నాం. అది అయిపోయేసరికి టీలోకి చక్కెర వచ్చేసింది. సోమవారం నుంచి మొదలుపెడతానంది. ఆ సోమవారం బంధువుల ఇంట్లో చావు. అమావాస్య పోయాక అంది. అదీ పోయింది. హాస్పిటల్లో చూపించుకోవాల్సిన రోజు, ఒడ్డున పని ఉందని మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు, అక్కడ బరువు చూస్తారు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఆమె కంచం వైపు చూడటం మొదలుపెట్టాను. ఎన్ని ముద్దలు తిన్నావు, జావ ఎందుకు కాయలేదు, ఇట్లా పోలీసులా అడిగేవాణ్ణి. నేను మాత్రం ఎదురుగా కూర్చుని వేపుడు తినేవాణ్ణి. ఆమె నాకు కనపడకుండా తినడం మొదలుపెట్టింది.

అట్లా అయిదు వారాలు గడిచాయి. ఒకరోజు ఒడ్డున నేను టీ కొట్టు దగ్గర ఉండగా, తొందరలో ఐసు పెట్టె తనే ఎత్తింది. నేను వచ్చేసరికి పెంచలమ్మ ఇసుకలో ఒక పక్కకు ఒరిగి ఉంది. ఉబ్బు రాయిలా గట్టిగా ఉంది. రెండుసార్లు వాంతి అయింది. మైపాడు నుంచి నెల్లూరు దాకా ఆటో ఎట్లా నడిపానో నాకు గుర్తు లేదు.

క్యాజువాలిటీలో నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, మోకాళ్ళు మడిచి పడుకోబెట్టారు. సర్జన్ గారే వచ్చి, ఉబ్బును రెండు చేతులతో మెల్లగా నొక్కుతూ లోపలికి పంపారు. షుగర్ మూడొందల పైన ఉంది. స్కాన్ తీసి, మర్నాటి దాకా అబ్జర్వేషన్‌లో ఉంచారు.

"ఈసారి లోపలికి పోయింది. పోకపోతే పేగుకు రక్తం ఆగిపోయేది, ఈ షుగర్‌తోనే కోయాల్సి వచ్చేది" అన్నారు. బరువు చూస్తే ఎనభై తొమ్మిది. మధ్యలో ఏం జరిగిందని అడిగారు. పని ఎక్కువైంది సార్, ఇంట్లో చావు అయింది సార్ అని నేను అందుకోబోయాను. పెంచలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సెలైన్ ఎక్కుతున్న మనిషి తనే చెప్పింది. తిన్నది చెప్పింది, నడక మానింది చెప్పింది, మాత్రలు కొన్ని రోజులు మింగకపోవడం కూడా చెప్పింది. అది నాకే తెలియదు. సిగ్గుపడి తల దించుకుంటుందనుకున్నాను. దించలేదు. నేనయితే ఆ పని చేయగలిగేవాణ్ణి కాదు.

సర్జన్ గారు కోప్పడలేదు. షుగర్ అదుపులోకి తెచ్చుకుని, బరువు మళ్ళీ దించుకోవడానికి మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా మళ్ళీ ఇరుక్కుంటే ఆగేది లేదన్నారు.

డైటీషియన్ దగ్గర పెంచలమ్మ మధురై పరోటాలతో మొదలుపెట్టి హల్వా దాకా మొత్తం చెప్పింది. ఆరు నెలల కష్టమంతా ఆరు రోజుల్లో పోగొట్టుకున్నానంది. ఆ అమ్మాయి అంతా రాసుకుని, "ట్రిప్‌లో పెరిగింది కొంచెమే అమ్మా, అందులోనూ సగం నీరే. మిగతాది ఇంటికొచ్చాక పెరిగింది. మీరు తొంభై నాలుగు నుంచి మొదలుపెట్టడం లేదు, ఎనభై తొమ్మిది నుంచి మొదలుపెడుతున్నారు" అంది.

ఆ మాట నా భార్యకు ఏ మందూ చేయని మేలు చేసింది. అన్నీ పోయాయనుకున్న మనిషికి అయిదు కేజీలు ఇంకా తన పక్షానే ఉన్నాయని తెలిసింది.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున మిషన్ తనే బయటికి లాగి, నన్ను పిలిచి, ఎక్కి నిలబడి అంకె పైకి చదివింది. క్యాలెండర్ మీద రాసింది. నేను మళ్ళీ జాగ్రత్తలు చెప్పబోతే అంది, "నన్ను కాపలా కాయబాక. నాతో పాటు తిను."

ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరికీ ఒకే జావ, ఒకే పులుసు. మొదట్లో నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం అన్నీ ఒకేసారి పట్టుకోలేదు. మొదటి వారం పొద్దున జావ, చక్కెర లేని టీ, మాత్రలు, అంతే. రెండో వారం నుంచి అన్నం కొలిచింది. ఆ తర్వాత నడక. పడవలు రాకముందే ఒడ్డుకు పోయి, తడి ఇసుక మీద వెళ్ళి వచ్చేది. మొదటి రోజుల్లో నాలుగు చోట్ల ఆగింది. తోటి ఆడవాళ్ళు సినిమాల్లో చేరతావా అక్కా అని ఆటపట్టించారు. తనూ నవ్వింది, నడక ఆపలేదు.

రెండు వారాలు మిషన్ మీద అంకె అసలు కదల్లేదు. నాకు కోపం వచ్చింది. ఆమె దాన్ని కూడా రాసుకుంది. మా వీధిలో పెళ్ళి జరిగితే బిర్యానీ ఒక గరిటె వేయించుకుని తృప్తిగా తింది. ఇంక మొదలైందిరా అనుకున్నాను. మర్నాడు లేచేసరికి పొయ్యి మీద జావ ఉడుకుతోంది. ఆ మనిషిలో నేను ఎక్కువ మెచ్చుకునేది నోరు కట్టుకోవడాన్ని కాదు. తప్పిన మర్నాడే ఏమీ జరగనట్టు తన దారిలోకి రావడాన్ని.

పదకొండో వారానికి ఎనభై ఒకటిన్నర. హెచ్‌బీఏ1సీ ఏడు చిల్లర. సర్జన్ గారు కాగితాలన్నీ చూసి, "కష్టమైన పని మీరే చేసుకొచ్చారమ్మా. నా పని తేలిక చేశారు" అన్నారు. పాతికేళ్ళలో ఎవరి పొగడ్తకూ కరగని మనిషి అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

లాప్రోస్కోపీలో మెష్ వేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. దగ్గితే, నవ్వితే నొప్పి. పది రోజులయ్యాక అదే చోట మళ్ళీ ఉబ్బు కనపడింది. హెర్నియా మళ్ళీ వచ్చిందనుకున్నాం. పరుగెత్తుకుపోతే, అది సెరోమా, లోపల చేరిన నీరు, దానంతటదే పోతుందన్నారు. నెలన్నరకు పోయింది. మూడు నెలలు బెల్ట్ పెట్టుకుంది.

ఇప్పటికి ఏడాది దాటింది. పెంచలమ్మ డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది మధ్య ఉంటోంది. గంప నెత్తికెత్తడం మానేసింది, తోపుడు బండి మీద అమ్ముతుంది. పోయిన ఇళ్ళవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. నా పొట్ట కూడా తగ్గి, ఖాకీ చొక్కా గుండీలు సరిగా పడుతున్నాయి. పొద్దున నడకకు ఇప్పుడు ఆమె వెంట ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పోతున్నారు. వాళ్ళలో ఇద్దరు అప్పట్లో ఆటపట్టించినవాళ్ళే.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మాలాగే బరువు తగ్గే దారిలో ఉండి ఏ పెళ్ళికో, యాత్రకో పోవాల్సి వస్తే మానుకోకండి. పోయి సంతోషంగా ఉండండి. కానీ బయల్దేరే ముందే, తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఏం తింటారో అనుకుని, ఆ సరుకు ఇంట్లో సిద్ధంగా పెట్టి పోండి. సోమవారం కోసం ఆగకండి.

పోయిన నెల శీనయ్య కొత్త ఇంటి గృహప్రవేశానికి మూడు రోజులు పోయాం. పాయసం, బూరెలు, అన్నీ తిన్నాం. తిరిగొచ్చేటప్పుడు శీనయ్య భార్య డబ్బా నిండా బూరెలు కట్టిస్తే, పెంచలమ్మ రెండు తీసుకుని మిగతావి అక్కడి పిల్లలకు పంచి ఆటో ఎక్కింది. దారిలో ఒకటి నాకిచ్చి, ఒకటి తను తిని, చేతులు తుడుచుకుంటూ, రేపు పొద్దున నడకకు నువ్వు కూడా వస్తున్నావు అంది.