పట్టకారుతో దానిమ్మ

ఆ ఇంటి కోడలు బస్సు కండక్టరు. మూడు వారాల కిందట నడుస్తున్న బస్సులో కళ్లు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం పెరిగేదాకా బస్సెక్కనివ్వం అని డిపో డాక్టరు తేల్చేశాడు. ప్రస్తుతానికి డిపో ఆఫీసులో ఫైళ్ల పని. ఒకటో తేదీన మళ్లీ పరీక్ష. అప్పుడూ తప్పితే ఇక శాశ్వతంగా ఆఫీసు వెనక గదిలో పాత ఫైళ్ల దుమ్ము దులుపుకుంటూ కూర్చోవడమే. ఆ గది తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడదు.

మాత్రలతోపాటు పొద్దున్నే ఒక దానిమ్మ తినమన్నారు. ఆ దానిమ్మే ఆమె ప్రాణం తోడేస్తోంది. మొదటిరోజు పండును రెండు చెక్కలు చేసి గరిటెతో నాలుగు బాదితే, గింజలు సగం గిన్నెలో, సగం గోడమీద పడ్డాయి. అది చూసి మామగారు రంగంలోకి దిగారు. నలభై ఏళ్లు కొట్టు నడిపి చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. కంటికి భూతద్దం బిగించి, మోచేతులు బల్లకు ఆనించి, సన్నటి పట్టకారుతో ఒక్కో గింజా తీస్తారు. గింజకు రవ్వంత పొర అంటుకున్నా తిప్పి తిప్పి పీకుతారు. ఆరింటికి కూర్చుంటే ఏడున్నరకి సగం పండు. ఏడున్నరకి ఆమె డిపోకి బయల్దేరాలి. నాలుగు గింజలు నోట్లో వేసుకుని పరుగెత్తేది. మిగతావన్నీ సాయంత్రానికి మొగుడి కడుపులోకి పోయేవి. ఆయనగారి బుగ్గలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

శనివారం ఆరున్నరకి పళ్లెంలో పట్టుమని ముప్ఫై గింజలు లేవు. ఆమె ఓపిక నశించింది.

"మామయ్యా, అది గడియారం కాదు, పండు! చేత్తో వలిచి పడేయండి!"

"పొర చేదమ్మా."

"మింగేది నేను కదా! ఆ ఫైళ్ల గదిలోకి నన్ను తోస్తే మీరొచ్చి కూర్చుంటారా? ఇలా ఇవ్వండి!"

పండు లాక్కోబోయింది. మామగారి చేయి బల్లమీంచి లేచింది. ఆసరా తప్పగానే గడగడా వణికింది. పట్టకారు కిందపడింది.

"ఎప్పట్నుంచి ఇది?"

"కొట్టెందుకు మూశాననుకున్నావు? మీ ఆయనతో అనకు."

ఈ రోజుల్లో గడియారాలు ఎవరు పెట్టుకుంటున్నారు, అందుకే మూశానని అందరికీ చెప్పుకొచ్చారు ఇన్నాళ్లూ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చేయి బల్లమీంచి లేపలేకే ఈ పట్టకారు నాటకమన్నమాట! ఈ ముక్క మొదటిరోజే చెబితే ఏం పోయేది? మూడు వారాలు వృథా! అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. పండు చెక్కను రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఊఁ, కానివ్వండి. అద్దం తీసేయండి ముందు."

ఆయన మణికట్టు ఆమె చేతిమీద ఆనించి వేళ్లతో వలవసాగారు. ఆ వణుకంతా ఆమెకు తెలుస్తూనే ఉంది. చేతులు మాత్రం కదపలేదు.

ఏడు కొట్టేసరికి పండు ఖాళీ. ఒకటో తేదీకి ఇంకా పన్నెండు రోజులు, పన్నెండు పళ్లు. పళ్లెంలో గింజలతో సమానంగా ఉన్న పొరలవంక మామగారు దిగులుగా చూశారు. ఆమె గుప్పెళ్లకొద్దీ నోట్లో వేసుకుని నమిలింది.

"చేదుగా లేదూ?"

"అబ్బే," అంది ఆమె, మొహం అటు తిప్పుకుని.