గుండ్రం టీచరు గుడ్డబంతి

నేను చదివింది ఊళ్లోని బడిలో, అదీ అయిదో తరగతి దాకానే. అయినా చెప్పుకోవలసినవి చెప్పుకోక తప్పదు. మా వీధి బడికి రేకులు పోయి స్లాబు పడిందంటే, నేను ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినందుకే. కుళాయి వేయించింది నేను. పక్కవాడు ప్రహరీ గోడను లోపలికి నెట్టుకొస్తుంటే అడ్డం నిలబడింది నేను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అదే బడిలో నా మాట చెల్లని రోజొకటి వచ్చింది. అది మా మరదలి కథ.

మరదలంటే మా తమ్ముడి భార్య. చిన్నపిల్లల గది ఆమెది. మనిషి చూస్తే ఎండుపుల్ల, పిల్లలు పెట్టుకున్న పేరు మాత్రం గుండ్రం టీచరు. పొద్దున గంట కొట్టగానే అందర్నీ చాప మీద గుండ్రంగా కూర్చోబెడుతుంది మరి. పాత చీర ముక్కలతో కుట్టిన బంతిని పేరు పిలిచి ఒక బిడ్డ వైపు దొర్లిస్తుంది. ఆ బిడ్డ పట్టుకుని "వచ్చాను" అంటే, మిగతావాళ్లంతా "వచ్చాడు" అనో "వచ్చింది" అనో గొంతెత్తుతారు. రానివాళ్ల పేరు వచ్చినప్పుడు బంతిని మధ్యలో ఆపి, "ఇంట్లో ఉన్నాడు, రేపొస్తాడు" అంటారు.

"హాజరు పిలవడానికి ఇంత తతంగమా అమ్మాయ్?" అని మొదట్లో నేనూ ఎగతాళి చేశాను.

"పిల్లల కాళ్లు ముందొచ్చేస్తాయి బావగారూ. మనసు వెనకాల ఏడ్చుకుంటూ వస్తుంది. అదీ వచ్చేదాకా ఆగొద్దా?" అంది.

దర్జీ కూతురు చేరాక ఆ మాట నాకు బోధపడింది. ఆ పిల్లను అందరూ మూగనోము అనేవాళ్లు. తల్లి చెవిలో తప్ప ఎక్కడా నోరు విప్పదు. వచ్చిన కొత్తలో తలుపు రెక్క పట్టుకుని వదిలేది కాదు. బంతి తన దగ్గరికొస్తే అరచేత్తో నేలను రెండుసార్లు కొట్టేది. అంతే, చిట్టి గొంతులన్నీ కప్పు ఎగిరిపోయేలా "వచ్చింది!" అని అరిచేవి. అప్పుడు ఆ పిల్ల తలుపు వైపు చూడటం మానేది. నేను కిటికీ బయట నిలబడి కళ్లారా చూశాను.

ఒకనాడు మా మరదలు పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. "పెదవులు కదిలాయి బావగారూ! శబ్దం ఇంకా రాలేదు గానీ, కదిలాయి!" ఆ సంబరంలో కూరలో ఉప్పు మరిచింది.

"నీ శిష్యురాలు మాట్లాడేలోగా మేం రుచి మరిచిపోయేలా ఉన్నాం" అన్నాడు మా తమ్ముడు. అయినా మారు వడ్డించుకున్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే కొత్త పెద్దసారు తల్లిదండ్రుల్ని పిలిచాడు. పక్క వీధి బడిలో ఈ వయసుకే పుస్తకాలు చదివిస్తున్నారట.

"బంతాటకైతే ఇంట్లోనే ఉంచుకుందుముగా" అంది ఒక తల్లి. మొదటి గంట నుంచే అక్షరాలు దిద్దించాలన్నారు.

నేను లేచాను. "ఈ బడికి స్లాబు వేయించినవాణ్ణి చెబుతున్నాను, ఆ పొద్దుటి కాస్త సేపూ వాళ్లకు వదిలెయ్యండి" అన్నాను.

పెద్దసారు చెడ్డవాడు కాడు. నాకు కుర్చీ జరిపి మరీ చెప్పాడు. "స్లాబు మీ చలవే పెద్దాయనా, ఎవరూ కాదనరు. కానీ వీళ్లు పిల్లల్ని మానిపిస్తే దాని కింద ఎవరుంటారు?"

నేను దర్జీ వైపు తిరిగాను. "నువ్వు చెప్పవయ్యా, నీ బిడ్డ సంగతేగా!"

అతను తల దించుకున్నాడు. "అందరూ నోటితో చెబుతుంటే మా పిల్ల నేల కొడుతుంది బాబాయ్. నాకు తల కొట్టేసినట్టుంటుంది. అక్షరాలకైతే నోరక్కర్లేదు కదా, చేత్తో రాసుకుంటుంది" అని, అక్షరాలే కావాలని అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

"మాట పెదవి దాకా వచ్చింది అన్నా, కొన్నాళ్లు ఓపిక పట్టు" అంది మా మరదలు. అతను ఎత్తిన చెయ్యి దించలేదు.

"చివరి గంటలో చేసుకోమ్మా" అన్నాడు పెద్దసారు.

"ఇంటికెళ్లే వేళప్పుడు వచ్చామని చెప్పుకుని ఏం లాభం సార్?" అంది. ఆయన ఎత్తిన చేతులు లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడు నేను కిటికీ దగ్గరికెళ్లాను. చాప చుట్టి మూలన పెట్టారు. పిల్లలు బల్లల ముందు వరసగా కూర్చుని పలకల మీద దిద్దుతున్నారు. మూగనోము చాలాసేపు చూసింది, బంతి వస్తుందేమోనని. రాలేదు. చివరికి తనంతట తనే బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

ఒకరిద్దరు తలెత్తి, మళ్లీ పలకల్లోకి వంగారు. "వచ్చింది" అంది మా మరదలు, చేతిలో సుద్దముక్కతో, ఒక్కతే. ఆ పిల్ల ఇంకా కాసేపు ఎదురుచూసి, చేతిని ఒళ్లోకి తీసుకుంది. కళ్లు తలుపు వైపు తిరిగాయి.

ఆ సాయంత్రం దర్జీ బడి గేటు దగ్గర నన్ను ఆపాడు. మొహం వెలిగిపోతోంది. "చూడు బాబాయ్, మొదటి రోజే ఎంత ముచ్చటగా రాసిందో!" అని పలక చూపించాడు. అక్షరం నిజంగానే ముచ్చటగా ఉంది. ఆ పిల్ల, తండ్రి చొక్కా అంచును గుప్పిట్లో బిగించి, అతని కాళ్ల వెనక నిలబడి ఉంది.

"బాగుందయ్యా" అన్నాను. ఇంకేమనను?