గుంజల మధ్య కుర్చీ

పెద్ద టీచరమ్మ పోయారని ఆదివారం పొద్దున జమ్మలమడుగు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. చర్చికి తయారై, చెప్పులు వేసుకుంటూ గడపలో కూలబడ్డారట. ఆ వయసులో పోవడం వింత కాదని మా ఇంట్లో అన్నారు. వింత కాదు. ఆమె పోయాక కూడా నేను మిగిలి ఉండటమే మింగుడుపడటం లేదు.

ప్రొద్దుటూరులో మా బడిలోనే సంతాపసభ పెట్టారు. అప్పటి కాంట్రాక్టరు, ఇప్పటి పెద్దమనిషి, ఆమె ఫోటోకు దండ వేసి, ఈ గదులు తానే కట్టించానని చెప్పుకున్నాడు. చప్పట్లు పడ్డాయి. సంతాపసభలో చప్పట్లు కొట్టే జనానికి ఏం చెప్పినా చెల్లుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ వయసులో నాకు ఎవరి మొహమాటమూ లేదు.

అవి ఊరు రెండు పార్టీలుగా చీలిన రోజులు. ఆమె హెడ్‌మిస్ట్రెస్, నేను తెలుగు మాస్టర్ని. ఇరుకు సందులో పాత బండల మిద్దె మా బడి. పిల్లలు వసారాల్లో, మెట్ల మీద కూడా కూర్చునేవారు. వెనక ఖాళీ స్థలంలో రెండంతస్తుల గదులు మంజూరయ్యాయి. పని ఒక పార్టీ వాడైన ఈ కాంట్రాక్టరుకు దక్కింది. రెండో పార్టీ వాళ్ళు ఇసుక ట్రాక్టర్లను ఊరి బయటే ఆపేశారు. బడి కమిటీ పెద్దలు, నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళే, పని ముగిసేదాకా బడి మూసేద్దామని తీర్మానించారు.

టీచరమ్మ ఒప్పుకోలేదు. మా పిల్లల్లో ఎక్కువమంది నేతపనివాళ్ళ ఆడపిల్లలు.

"ఏడాది ఇంట్లో ఉండిన ఆడపిల్ల మళ్ళీ బడికొస్తాదా సారూ? మగ్గం కాడ కూర్చోబెడతారు, లేదంటే పెళ్ళి చేస్తారు. బీగం వేసేది నా చేత కాదు" అన్నారు.

ఆమే రెండో పార్టీ పెద్ద ఇంటికి వెళ్ళారు. ఆయన మనవరాలు మా ఆరో తరగతి. మీ పిల్ల ఎండలో కూర్చుని చదువుతోంది, నీడ కోసం ఇసుక అడగడానికి వచ్చాను అన్నారట. మరునాటి నుంచి ట్రాక్టర్లు వచ్చాయి.

ఇక బడి, పని పక్కపక్కనే నడిచాయి. తన పాత ఎర్రచీర చించి, తాడుకు కట్టి, పిల్లలు దాటకూడని హద్దు గీశారు. మధ్యాహ్నం పిల్లలు తినేంతసేపూ ఆ తాడు దగ్గర నిలబడే తన అన్నం తినేవారు. కాంక్రీటు మిషను తిరగాలన్నా ఆగాలన్నా బడి గంటే. కూలీల పసిపిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. వాళ్ళలో కొందరు అట్లాగే పదో తరగతి దాకా చదివారు.

కింది గదుల మీద స్లాబు పోసి వారం కాలేదు, ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. కాంట్రాక్టరు పార్టీ నాయకుడు ప్రారంభోత్సవానికి వస్తానన్నాడు. స్లాబును మోస్తున్న గుంజలన్నీ పీకేయడానికి కాంట్రాక్టరు మనుషులతో దిగాడు. మేము వెళ్ళేసరికి టీచరమ్మ ఆ గుంజల మధ్య కుర్చీ వేసుకుని కాంపోజిషన్లు దిద్దుతున్నారు. అతను కూడా ఒకప్పుడు ఆమె దగ్గర చదివినవాడే.

"అమ్మా, పొద్దున్నే అన్న వస్తాండాడు. ఇవన్నీ అడ్డముంటే రిబ్బను యాడ కట్టాల?"

"గేటుకు కట్టుకో నాయనా. మీ అన్న రిబ్బను కత్తిరించి పోతాడు. దీని కింద కూర్చునేది నా పిల్లోళ్ళు."

"ఆరిందిలేమ్మా, ఏం కాదు."

"ఏం కాదంటే మంచిదే. నేను ఈడనే ఉంటా. పీకు."

అతను మనుషుల వైపు చూశాడు. ముసలి మేస్త్రీ సుత్తి గోడ వారన పెట్టి బయటికి నడిచాడు. మిగిలినవాళ్ళూ వెనకే వెళ్ళారు.

మరునాడు నాయకుడు గేటు దగ్గర నుంచే గుంజల్ని, వాటి మధ్య కుర్చీలో ఉన్న ఆమెను చూసి కారు తిప్పుకున్నాడు. గదుల పని చూసే బాధ్యత నుంచి కమిటీ ఆమెను తప్పించింది. కాంట్రాక్టరు కింది కప్పుకు గార కూడా చేయకుండా పోయాడు. పై గదులు లేవడానికి ఏళ్ళు పట్టింది. ఆమె రిటైరైన రోజున కమిటీ వాళ్ళు ఒక్క సభ పెట్టలేదు, ఒక్కరూ రాలేదు. సంచీ పట్టుకుని బస్టాండు దాకా వెళ్ళింది నేను, వాచ్‌మన్. మొన్న ఫోటోకు వేసిన ఆ దండ ఆ రోజు వేసి ఉండాల్సింది.

ఆమె రిటైరవకముందే, పై గదులు లేచాక, గుంజల మధ్య ఆమె కూర్చున్న ఆ కింది గదే హెడ్‌మిస్ట్రెస్ గది అయింది. పైన పిల్లలు పరిగెత్తితే కింద మాట వినపడదు. ఒకసారి నేను విసుక్కుని అరవబోతే, ఆమె చెయ్యెత్తి ఆపారు.

"పరిగెత్తనీ సారూ. అందుకే గదా కట్టింది."

సభ ముగిసి అందరూ వెళ్ళాక ఆ గదిలో కాసేపు కూర్చున్నాను. గార లేని కప్పు మీద స్లాబు పోసినప్పటి సెంట్రింగు చెక్కల గీతలు అట్లాగే ఉన్నాయి. ఇంటర్వెల్ గంట కొట్టారు. పైన ఒక్కసారిగా పరుగులు మొదలయ్యాయి, ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ ఇటు. ఎదురుగా బల్ల మీద ఆమె ఫోటో. గంట మళ్ళీ కొట్టేదాకా నేను కప్పు వైపు చూస్తూనే ఉన్నాను.