ఢిల్లీ నుంచి జనగామకు విమానం

యుగేందర్ విమానం ఎక్కింది ఒక్కసారే గానీ, ఎక్కకముందు నుంచే ఆ విద్యలో పండితుడు. ఢిల్లీలో కరెంటు పని చేసే ఈ నర్మెట్ట మనిషి, తీరిక దొరికితే ఫోనులో ఏవైనా రెండు ఊళ్ల పేర్లు కొట్టి, మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపో చూసి పక్కవాళ్లకు వినిపించేవాడు. వాళ్లు అడిగారా అంటే, లేదు.

చెల్లెలు గీతాంజలి జనగామలో కాపురముంటోంది. ఆమె కూతురికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించడం ఆనవాయితీ. తల్లీ తండ్రీ పోయిన గీతాంజలికి పుట్టింటి తరఫున మిగిలింది ఈ ఒక్క అన్నే.

"నువ్వు రాకుంటే అత్తోళ్ల ముంగట తలెత్తుకోలేనన్నా" అని ఫోనులో ముందే చెప్పింది.

"పరేషాన్ గాకు చెల్లె. ఢిల్లీ నుంచి జనగామకు విమానంల రెండు గంటలే. పొద్దుగాల ఎక్కుత, ముహూర్తానికి ముందే నీ ఇంట్ల ఉంట."

ఫోను అట్లాగే చెప్పింది మరి. జనగామలో విమానం ఏ పొలంలో దిగుతుందో అది చెప్పలేదు, ఈయనా అడగలేదు. టికెట్టు హైదరాబాదుకు ఇచ్చారు. పక్కనే కదా అనుకున్నాడు. తనతో ఒకే గదిలో ఉండే శ్రీపాల్ "రెండ్రోజుల ముందే రైలెక్కన్నా, కాజీపేటల దిగితే జనగామ ఎంత దూరం" అంటే, పాపం అన్నట్టు చూశాడు.

విమానం చెప్పిన టైముకే దిగింది. దానికి వంక పెట్టడానికి లేదు. శంషాబాద్ నుంచి ఉప్పల్ చేరడం, అక్కడ కాలు మోపే జాగా లేని బస్సులో వేలాడటం మాత్రం ఏ ఫోనూ లెక్కలోకి తీసుకోలేదు. భువనగిరి దాటకముందే ముహూర్తం దాటింది. చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా "వచ్చేసిన" అన్నాడు. ఆలేరులోనూ అదే మాట.

ఇల్లు చేరేసరికి విస్తర్లు ఎత్తేస్తున్నారు. గీతాంజలి అత్త సత్తమ్మ "విమానమాయన వచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి" అంది. మర్యాదకు ఏ లోటూ రానివ్వలేదు.

పాప చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తాను తెచ్చిన బంగారు పోగులు జేబులోంచి తీస్తూ, "ఎవరి ఒళ్లె కూసుండవెట్టిన్రు?" అని మెల్లగా అడిగాడు.

"మా ఆడిబిడ్డ మొగడు కూసుంటనన్నడు. నేనే వద్దన్న. మా అన్న వస్తడు, జర ఆగుండ్రని అందర్ని బతిమాలిన. చెవులు కుట్టే అవుసలాయన సూది సర్దుకొని, ఇగ పోతనని లేచిండు. ఇగ నా ఒళ్లెనే పెట్టుకున్న."

యుగేందర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. "విమానం టైముకే దిగింది చెల్లె..." అనబోయాడు.

"నిన్ను ఎవ్వరు ఏమనలేదన్నా. చెవులు కుడుతుంటే ఒక ముసలామె అడిగింది, పుట్టింటోళ్లు ఎవ్వరు లేరా బిడ్డా అని. లేరని చెప్పిన."

పోగుల వైపు చూడకుండానే, అతనికి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్లింది.