వచ్చేవాళ్ళ ఎత్తుకి

మొన్న మంగళవారం పొద్దున అమ్మ ల్యాబ్‌కి బయల్దేరుతుండగా ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ నిద్రలోనే పోయింది అత్తా," అంది. అమ్మ "సాయంత్రం వస్తానమ్మా" అని మాత్రం అని, షూ లేసు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ముడి వేసుకుని లేచింది. నేను ఆపబోయాను. "ఇంట్లో ఉంటే ఏడుస్తూ కూర్చుంటాను, వెళ్ళనీ," అంది.

మన ఊరు అరోరాలో ఉండే మీలో చాలామందికి ఆమె గుడి వంటింట్లోని పొడుగాటి ఆంటీగా తెలుసు. పులిహోర కలిపేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. మాకు మాత్రం ఆమె ఫ్యాక్టరీ ఆంటీ. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మకి వర్క్ పర్మిట్ వచ్చాక మొదట దొరికిన పని ఆ ఫ్యాక్టరీలోనే. వాషింగ్ మెషీన్లలోకి వెళ్ళే వైర్లని కట్టలుగా అమర్చాలి. ఆంటీది పొద్దుటి షిఫ్టు, అమ్మది ఆ తర్వాతి షిఫ్టు. ఇద్దరిదీ ఒకటే బల్ల, ఒకటే స్టూలు.

అమ్మ పొట్టి. మొదటిరోజు కాళ్ళు గాల్లో వేలాడేసుకుని పనిచేసి, నడుం పట్టుకుని ఇంటికొచ్చింది. అది తెలిసినప్పటి నుంచి ఆంటీ షిఫ్టు దిగేముందు స్టూలుని అమ్మ ఎత్తుకి దించి వెళ్ళేది. అమ్మ పనైపోయాక దాన్ని మళ్ళీ ఆంటీ ఎత్తుకి లేపి వచ్చేది. వాళ్ళ స్నేహం అలా మొదలైంది, మాటలు ఆ తర్వాత కలిశాయి. "దిగేటప్పుడు, ఎక్కేటోళ్ళ కాళ్ళు యాదుంచుకోవాలె," అనేది ఆంటీ.

నేను హైస్కూల్లో ఉండగా అవే వైర్ల కట్టలు వేరే దేశం నుంచి చౌకగా రావడం మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడింది. అలా దిగుమతుల దెబ్బకి పని పోయినవాళ్ళకి అప్పట్లో గవర్నమెంట్ సాయం ఉండేది. కొత్త పని నేర్చుకోవడానికి కాలేజీ ఫీజు కట్టేవాళ్ళు, చదివినన్నాళ్ళూ ఇంటి ఖర్చుకి కొంత ఇచ్చేవాళ్ళు. అయితే పని పోయినవాళ్ళు ముగ్గురు కలిసి సంతకాలు పెట్టి అడగాలి. ఆంటీ పెట్టింది, ఆమె పక్క బల్ల పోలండ్ ఆవిడ పెట్టింది. మూడో మనిషి దొరకలేదు. కొందరు ఊరు మారిపోయారు, మిగిలినవాళ్ళు సంతకమంటే జంకారు. ఆంటీ మా ఇంటికి వచ్చింది.

అమ్మకి పెట్టాలనే ఉంది. నాన్నకి భయం. మా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ అప్పుడే నడుస్తోంది.

"గవర్నమెంట్ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డ్ రిజెక్ట్ చేస్తారంటమ్మా. మా గ్రూప్‌లో అందరూ అదే అంటున్నారు," అన్నాడు నాన్న.

"ఆ వాట్సాప్ గ్రూప్‌ల లాయర్ ఎవరన్న ఉన్నరా అన్నయ్యా?"

నాన్న ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"మీ కంపెనీ లాయర్‌నే అడుగుండ్రి. ఆయన వద్దంటే నేను మళ్ళ ఈ మాట ఎత్త. వదినకి బ్లడ్ టెస్టులు చేసే కోర్సు చదవాలని ఉన్నది. మీతోని చెప్పిందో లేదో."

చెప్పలేదు. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వీసా మాటొస్తే మనమంతా ఇంతే. ఎవరో పంపిన ఫార్వర్డ్‌కి దణ్ణం పెట్టేసి, మనకి రావలసింది వదిలేసుకుని, జాగ్రత్తపడ్డామని సంతోషిస్తాం.

లాయర్ జవాబు వచ్చేదాకా ఆంటీ రోజూ వచ్చేది. సంతకం ఊసే ఎత్తేది కాదు. మా వంటింట్లో బెండకాయలు తరుగుతూ కూతురి కబుర్లు చెప్పేది. ఒక్కసారి మాత్రం నాన్న వినేలా, "ఇది మనకు దానం చేసుడు కాదు వదినా. ఉన్న పని పోయింది, ఇంకో పని నేర్పియ్యమంటున్నం, గంతే," అంది. చివరికి లాయర్, ఉద్యోగం పోయినందుకు ఇచ్చే ఈ సాయం మీ అప్లికేషన్‌కి అడ్డు రాదని చెప్పాడు. ఆ సాయంత్రం నాన్నే అమ్మని కార్‌లో ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాడు. మూడో సంతకంతో వేసిన ఆ అర్జీ కొన్ని నెలలకి అప్రూవ్ అయింది. ఆ ఫ్యాక్టరీలో పని పోయినవాళ్ళందరికీ, సంతకానికి జంకినవాళ్ళకి కూడా సాయం అందింది. ఆంటీ వాళ్ళని ఒక్క మాట అనలేదు. గుళ్ళో కనిపిస్తే, "ఏ కోర్సుల చేరిన్రు?" అని అడిగేది.

తను మాత్రం చదవలేదు. "ఈ వయసుల నన్ను పరీక్షలు రాయమనకుండ్రి," అని ఒక స్కూల్ వంటింట్లో చేరింది. జీతం తగ్గింది. పెద్ద వయసువాళ్ళకి ఆ తేడాలో కొంత ఇస్తారని తెలిసి, దానికీ అప్లై చేసింది. అమ్మ కోర్సు పూర్తి చేసి ల్యాబ్‌లో చేరిన రోజు మా ఇంటికొచ్చి తనే పాయసం వండింది.

ఆ పథకం గడువు తీరిపోయిందని, ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదని తెలిసినప్పుడు ఆంటీకి చాలా కోపం వచ్చింది. "బయటి సామాను వచ్చుడు బందయిందా మరి?" అంది.

ఒంట్లో బాగాలేని ఈ ఆరు నెలలూ ఆమె రక్తపరీక్షలన్నీ అమ్మ ల్యాబ్‌లోనే. అమ్మ డ్యూటీలో లేకపోతే తిరిగి వెళ్ళిపోయేది. "నేను సంతకం పెట్టిచ్చి చదివిస్తే, సూది నాకే గుచ్చవడ్తివి వదినా," అని చెయ్యి చాపేది. అమ్మ నవ్వుతూనే నరం వెతికేది. నాకు ఆంటీ అంటే ఆ చాపిన చెయ్యే గుర్తొస్తుంది, ఎంత ప్రేమో చెప్పలేను.

మంగళవారం సాయంత్రం అమ్మని ఆంటీ ఇంటికి తీసుకెళ్దామని నేనే ల్యాబ్‌కి వెళ్ళాను. అమ్మ బ్యాగు సర్దుకుంటోంది. తర్వాతి షిఫ్టు అమ్మాయి వచ్చి స్టూలు ఎక్కి కూర్చుంది. ఆ అమ్మాయీ అమ్మంత ఎత్తే ఉంటుంది. కాళ్ళు గాల్లో వేలాడాయి.

"ఎవరు దీన్ని ఇంత పైకి లేపారు?" అని నవ్వింది.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. "సారీ, నేనే. పాత అలవాటు," అంది. ఆ అమ్మాయిని లేవమని, వంగి పక్కనున్న మీట నొక్కింది. స్టూలు నెమ్మదిగా కిందికి దిగుతుంటే, అమ్మ దాని మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.